ప్రార్థన పొడుగు, కూర చల్లన

మా టెక్కలిలో నా ప్రార్థనకు పేరుంది. నేను ఆమేన్ అనేలోగా కూర చల్లారిపోతుందని మా ఆవిడ రోజూ సణుగుతుంది. ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషనరీలు ఇక్కడ నాటిన విత్తనం మా ఇంట్లో ఇంత పొడుగ్గా కాసిందని మా పాస్టరుగారు అంటుంటారు. అది మెప్పో కాదో ఇంకా తేలలేదు.

నా ప్రార్థనలో ఒక ముక్క మాత్రం ఖాయం: ఇరుగుపొరుగును ప్రేమించే మనసియ్యి ప్రభువా. అక్కడికొచ్చేసరికి కళ్లు మరీ గట్టిగా మూసుకుంటాను. తెరిస్తే పొరుగింటి కొబ్బరిచెట్టు మా పెంకుల మీద రాల్చిన మట్టలు కనిపిస్తాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. మా పొరుగింటి చెట్టు ఈసారి మట్టలతో సరిపెట్టకుండా తానే వచ్చి మా గోడ మీద పడుకుంది. కరెంటు లేదు, మోటార్లు లేవు. వీధి మొత్తానికి మా పెరటి బోరింగే దిక్కు. దాని చేతికి గొలుసు చుట్టి తాళం వేశాను.

మర్నాడు పొద్దున్నే తలుపేసుకుని ప్రార్థనలో కూర్చున్నాను. తలుపేసుకోమని మత్తయి సువార్తలోనే ఉంది. సరిగ్గా ఆ ఖాయం ముక్క దగ్గర తలుపు చప్పుడైంది.

“బాబూ, రెండు బిందెలు నీలు పట్టుకుంతాను.” పొరుగింటి పిన్ని.

దేవుడితో మాట్లాడుతూ మధ్యలో మనుషులకు బదులివ్వడం మర్యాద కాదు కదా! ప్రార్థన పొడిగించాను. జిల్లా, రాష్ట్రం, దేశం దాటి ఇథియోపియా దాకా వెళ్లాను. పిన్ని గుమ్మం దాటి వెళ్లలేదు.

లూకా సువార్త 11వ అధ్యాయంలో అర్ధరాత్రి స్నేహితుడి తలుపు తట్టి రొట్టెలడిగినవాడి కథ ఉంది. ఇన్నాళ్లూ ఆ తట్టేవాణ్ణి నేనే అనుకున్నాను. లోపల ముసుగుతన్ని పడుకున్నవాణ్ణని ఆ పొద్దున తెలిసింది.

“దేవుడెక్కడికీ ఎల్పోడు గానీ బాబూ, ఆ తాళం ఇలా ఇచ్చేసి మల్లీ కూకో.”

తాళంతోపాటు నేనూ వెళ్లాల్సొచ్చింది. పిన్నికి బోరింగు కొట్టే ఓపిక లేదు. ఆమె వెనక వీధంతా బిందెలతో నిలబడింది. సాయంత్రం దాకా కొట్టాను. బోరింగు కొడుతూ పొడుగు ప్రార్థన సాగదు, ఊపిరి చాలదు.

ఆ రాత్రి చేతులు జోడిద్దామంటే భుజాలు లేవలేదు. ఆమేన్‌తో కలిపి నాలుగు మాటలే వచ్చాయి. పెళ్లయ్యాక మొదటిసారి కూర వేడిగా తిన్నాను.