అడిగి చూడండి!

పది సెంటీమీటర్లు. బిడ్డ బయటికి రావాలంటే గర్భాశయ ముఖద్వారం తెరుచుకోవాల్సిన మేర అది. దాన్ని వేళ్ళతో కొలవడంలో మన ప్రసూతి ఆసుపత్రులు దిట్ట. కొలిచే ముందు "చూడనా అమ్మా?" అనడానికి మాత్రం నోరు పెగలదు.

సర్కారు ఆసుపత్రి లేబర్ రూమ్. ఊరి పేరెందుకు, మీ జిల్లాదే అనుకోండి. బల్ల మీద తొలిచూలు పిల్ల. చీర నడుం పైకి తోసేశారు. పక్కన తెర కడ్డీ ఉంది. తెర లేదు. డ్యూటీ డాక్టరమ్మ వచ్చి చెయ్యి పెట్టి చూసింది. "నాలుగు" అంది, పిల్లతో కాదు, కేసు షీటుతో. కాసేపటికి పీజీ. ఆ తర్వాత హౌస్ సర్జన్. ఆ వెనక విద్యార్థులు, వంతులవారీగా. పేరు చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళు లేరు. సంతలో వంకాయ నొక్కి చూస్తే కొట్టువాడైనా కసురుతాడు. ఇక్కడ ఆ కసురు కూడా పిల్లకే. నొప్పికి కాళ్ళు ముడిచిందా, మంత్రం సిద్ధం: "అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకే?" ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని ఈ వాక్యం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా కంఠతా. రాష్ట్రం విడిపోయింది గానీ, తిట్టు మాత్రం ఉమ్మడి ఆస్తే.

ఇక కాగితాలకు రండి. ఆహా, ఎంత గౌరవం! నొప్పులు ఊపందుకున్నాక నాలుగు గంటలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. అంతకు ముందే, 2017 డిసెంబరులో, మన కేంద్రం 'లక్ష్య' తెచ్చింది. లేబర్ రూములకు మార్కులు, సర్టిఫికెట్లు, మరుగు, తోడుగా ఓ మనిషి. 2019లో, తల్లులకు గౌరవంగా సేవలందిస్తామంటూ, 'సుమన్' పథకం వచ్చింది. మాటామర్యాద నేర్పే పాఠాలు అదే ఏడాది ఎంబీబీఎస్ సిలబస్‌కెక్కాయి. గౌరవమంతా ఫైళ్ళలో కిక్కిరిసిపోతే, బల్ల దాకా రావడానికి ఇక మిగిలిందెంత?

అన్నట్టు, తనిఖీ బృందం వస్తోందంటే తెర వస్తుంది, ఇస్త్రీ మడత నలక్కుండా. బృందం జీపెక్కగానే తెర బీరువాలోకి పోతుంది. సర్టిఫికెట్ మాత్రం అద్దాల ఫ్రేములో గోడెక్కుతుంది. దానికి మరుగుతో పనేముంది?

2017లో తెలంగాణ కేసీఆర్ కిట్ ఇచ్చింది. సబ్బు, నూనె, పౌడరు, దోమతెర. బిడ్డకు దోమతెర దొరికింది, సంతోషం. తల్లికి గుడ్డతెర దొరకలేదేం? ఆంధ్రాలో తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ గుమ్మం దాకా దిగబెడుతుంది. లేబర్ రూములో పోయిన పరువును ఏ బండి తెచ్చిస్తుంది?

"ప్రాణం ముఖ్యమా, సిగ్గు ముఖ్యమా?" అంటారు పెద్దలు. ఈ బేరం ఎవరు పెట్టారండీ? పరీక్ష వద్దని ఎవరన్నారు? బిడ్డ తల ఎంత దిగిందో తెలియాలి. ప్రాణం మీదికొస్తే క్షణం ఆగకూడదు. మరి వరసలో మూడో విద్యార్థి వేలు పెట్టడం ఏ ప్రాణం కాపాడటానికి? పిల్లలు పని నేర్చుకోవద్దా అంటారా? నేర్చుకోవాలి. అడగడం కూడా ఆ పనిలో భాగమని నేర్పేదెవరు?

రోగి సమ్మతి నిజమైనదై ఉండాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్ళు బుద్ధిగా పాటిస్తున్నారు: అడ్మిషన్ కాగితం మీద మొగుడి చేత వేలిముద్ర వేయించుకుని. ఒళ్ళు ఆమెది, వేలిముద్ర అతనిది!

నర్సమ్మ ఒక్కతే, బల్లలు పది అంటారు. ఒప్పుకుందాం. ఖాళీలు నింపనిది ఎవరు? పైవాడి బాధ్యత కింది ఉద్యోగి మీద పడుతుంది. ఆమె విసుగు బల్ల మీదున్న పిల్ల మీద పడుతుంది. అంతకన్నా కిందకి జారడానికి చోటు లేదు కాబట్టి అక్కడే ఆగుతుంది. అయినా ఒక సందేహం. పొద్దున సర్కారు బల్ల దగ్గర పలుకే బంగారమైన డాక్టరుగారు, సాయంత్రం సొంత క్లినిక్కులో "కొంచెం ఇబ్బందిగా ఉంటుందమ్మా, మెల్లగా ఊపిరి వదులు" అంటారే! అంటే భాష వచ్చు. బిల్లు చూస్తేనే వస్తుంది.

ఇంత చేశాక సభల్లో నిట్టూర్పులు: "ఈ కాలం ఆడవాళ్ళు నొప్పులు ఓర్చుకోరు, కోతే కావాలంటారు." 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. డబ్బు కోసం కోసేవారున్నారు, ముహూర్తం కోసం కోయించుకునేవారున్నారు. కానీ ఆ బల్ల దిగొచ్చిన వదిన చెప్పింది విన్నాక, మరదలు ఏం కోరుకోవాలి?

మంత్రిగారూ, కొత్త పథకం వద్దు. కొత్త పేరూ వద్దు. బీరువా తాళం తీయించండి, తెర కడ్డీకెక్కించండి. డాక్టరుగారూ, కాదంటుందేమోనని భయమా? నొప్పుల్లో ఉన్న తల్లికి బిడ్డ క్షేమం మీకంటే ఎక్కువే కావాలి. ఎందుకో చెబితే ఒప్పుకుంటుంది. కాసేపు ఆగమంటే ఆగండి. మిన్ను విరిగి మీద పడదు.

ఇన్నాళ్ళూ అడక్కుండా చూశారు. ఒక్కసారి అడిగి చూడండి.