నైతిక విలువలూ, నెట్ రన్‌రేటూ

కరోనా రోజుల్లో క్రికెట్ ఆడించొచ్చా లేదా అన్న సంగతి మీద నేనిచ్చినన్ని ఉపన్యాసాలు ఏ టీవీ చర్చలోనూ ఎవరూ ఇచ్చి ఉండరు. శ్రోత మా ఆవిడ ఒక్కతే. అదీ స్టవ్ దగ్గర నుంచి కదల్లేక.

2020లో నేను ఆట పక్షం. మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్ వాయిదాల మీద వాయిదాలు పడి సెప్టెంబర్ 19న అబుదాబిలో మొదలయ్యేసరికి పూర్తిస్థాయి మేధావినైపోయాను. "జనానికి మనోధైర్యం కావాలోయ్! స్టాండ్స్‌లో పురుగు లేదు, ఆటగాళ్లు బయో బబుల్ దాటరు, బయటివాళ్లని కలవరు, ఎవరికి నష్టం?" అనేవాణ్ని. వాదనలో పస లేకపోలేదు. దుబాయ్, అబుదాబి, షార్జా మూడూ బస్సులో పోయేంత దూరం. విమానం ఎక్కే పని లేదు. చెన్నై జట్టు శిబిరంలో మొదట్లోనే పదమూడు మందికి పాజిటివ్ వచ్చినా టోర్నీ నవంబర్ 10 దాకా సాగింది.

మా ఇంటి బబుల్‌కి మాత్రం అధికారిని నేనే. పాల ప్యాకెట్లు సబ్బునీళ్లతో కడిగేవాణ్ని. పనిమనిషిని మాన్పించి, అంట్లు మా ఆవిడ చేత తోమించేవాణ్ని. అంత కట్టుదిట్టం చేసినవాణ్ని, షార్జాలో మా సన్‌రైజర్స్ జట్టు వార్నర్, సాహా కలిసి ముంబైని పది వికెట్లతో ఓడించిన రాత్రి ఎదురు ఫ్లాట్ ఆయన్ని మాస్కు లేకుండా కావలించుకున్నాను. "ఆయన బబుల్‌లోనే ఉన్నారా?" అని మా ఆవిడ అడిగింది. నాకు వినపడలేదు.

2021 ఏప్రిల్లో ఆట ఇండియాకి తిరిగొచ్చింది. ఆరు ఊళ్లలో ఆడించాలని పథకం, నడుమ విమాన ప్రయాణాలు. ఈలోపు సెకండ్ వేవ్ విరుచుకుపడింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందని ఒకరు అడిగితే, దాని కిందే ఇంకొకరు నోబాల్ మీద తగువు పెట్టుకునేవారు. ఆ ఇంకొకరు ఎవరో చెప్పక్కర్లేదనుకుంటాను. మా వీధి చివర కరోనా టెస్టు కోసం తెల్లవారకముందే లైను. ఆటగాళ్లకేమో ఏప్రిల్ చివరికి రెండు రోజులకోసారి టెస్టు. అశ్విన్ ఇంట్లోవాళ్ల కోసం ఆట వదిలేసి వెళ్లాడు. జనానికి ఆసుపత్రిలో చోటు దొరక్కపోతుంటే ఫ్రాంచైజీలు ఇంత డబ్బు ఎలా ఖర్చుపెడుతున్నాయని ఆటగాడు ఆండ్రూ టై అడిగాడు. న్యూ ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఐపీఎల్ వార్తలే వేయడం మానేసింది.

నేనూ మారాను. "ఆపెయ్యాలి! ఢిల్లీలో ఊపిరాడక మనుషులు పోతుంటే అదే ఊళ్లో సిక్సర్లా?" అని కంచం ముందు గర్జించాను.

మా ఆవిడ చారు వడ్డిస్తూ, "ఎప్పట్నుంచండీ ఈ బాధ?" అంది.

"సూపర్ ఓవర్ ఓడిపోయిన దగ్గర్నుంచి" అనేశాను, నోరు జారి.

ఆమెకి క్రికెట్ తెలియదు, కానీ నేను బాగా తెలుసు. నిరుడు సన్‌రైజర్స్ మూడో స్థానం దాకా పోయారు, నాకు దేశ మనోధైర్యం గుర్తొచ్చింది. ఈసారి ఏడు మ్యాచ్‌లకి ఒక్కటే గెలుపు, పట్టికలో అట్టడుగు. నాకు మానవత్వం గుర్తొచ్చింది. పాయింట్లు చూసి నా మాట ముందే చెప్పగలనంది. అప్పుడే సైరన్ కొట్టుకుంటూ వీధిలో అంబులెన్స్ వెళ్లింది. కామెంటరీ వినపడటం లేదని నేను సౌండ్ పెంచాను. ఆపెయ్యాలన్నవాణ్నే, ఏ ఒక్క మ్యాచ్ వదల్లేదు మరి.

మే 4న సాహాకే పాజిటివ్ వచ్చింది. 29 మ్యాచ్‌ల దగ్గర లీగ్ ఆగింది. "నే చెప్పలా?" అని ఇల్లంతా తిరిగాను. అప్పటికి దేశంలో రోజుకి దాదాపు నాలుగు లక్షల కేసులు. మా ఆవిడ ఫోన్‌లో ఎవరికో బెడ్ కోసం వెతుకుతోంది. నా విజయయాత్రకి స్వాగతం చెప్పే తీరిక ఆమెకి లేకపోయింది.

సెప్టెంబర్ 19న మిగిలిన మ్యాచ్‌లు మళ్లీ యూఏఈలో మొదలయ్యాయి. ఎవరూ అడక్కుండానే మ్యాచ్‌లు చూడ్డానికి చందా కట్టేశాను. సన్‌రైజర్స్ అక్కడా ఓడుతూనే ఉన్నారు.

"ఇంతకీ ఈసారి ఆడొచ్చా, ఆపెయ్యాలా?" అంది మా ఆవిడ.

"మిగతా ఏడు జట్లూ ఆడుకోవచ్చు" అన్నాను.