బోయి నిలిచెననుచు: ఒక ఆటవెలదికి స్వోపజ్ఞ వ్యాఖ్య

అవతారిక

మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత కవి వృత్తి మూలంలో లేనిది రాయడమే. తళ్ళికోట యుద్ధంలో విజయనగరం గెలిచి ఉంటే ఏమయ్యేదో లావుపాటి నవలగా రాసి, ప్రచురణకర్తను కలిసి వచ్చిన సాయంత్రం ఈ పద్యం చెప్పాడు. ఇలాంటి కవికి వ్యాఖ్యాత దొరకడు కనక ఆ పనీ ఆయనే చేసుకుంటున్నాడు. శాస్త్రంలో దీనికి స్వోపజ్ఞమని గౌరవప్రదమైన పేరుంది.

మూలం

బోయి నిలిచె ననుచుఁ బుస్తకం బొక్కటి
రాసి చూప, నచ్చు రాజ్యమేలు
వాడు నవ్వి పలికె: "వాస్తవం బేదయా?
కలను నమ్మి కొనెడి ఘనుఁడు గలఁడె?"

ప్రతిపదార్థం

బోయి = పల్లకి మోసేవాడు. ఇక్కడ కాస్త ఆగాలి. 1565 జనవరిలో కృష్ణకు సమీపాన, రాక్షసి తంగడి దగ్గర, అళియ రామరాయల సేనకూ దక్కను సుల్తానుల సేనలకూ యుద్ధం జరిగింది. రాయలు అప్పటికే ముదుసలి. పల్లకిలో ఉండి యుద్ధం నడిపించాడు. నిజాంషాహీ ఏనుగొకటి మీదికి వచ్చేసరికి బోయీలు పల్లకి వదిలేసి పరుగెత్తారనీ, రాయలు పట్టుబడ్డాడనీ, హుస్సేన్ నిజాంషా ఆయన తల తీయించాడనీ, అది చూసి సేన చెదిరిపోయిందనీ ఫెరిష్టా రాశాడు. ఈ ఫెరిష్టా ముందు అహ్మద్‌నగర్‌లో, తరవాత బీజాపూర్‌లో కొలువు చేసినవాడు. అంటే రెండుచోట్లా గెలిచినవారి ఉప్పే తిన్నాడు. అయినా బోయీలను కల్పించాల్సిన అవసరం ఆయనకేమీ కనపడదు.

ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి. 1567లో విజయనగరం వచ్చి ఏడు నెలలున్న వెనిస్ వర్తకుడు ఫెడెరిచి, రాయల కొలువులోని ఇద్దరు ముస్లిం సేనానులు పక్షం మారారని రాశాడు. నిజాంషా ఫిరంగుల్లో రాగి నాణేలు దట్టించి పేల్చారని ఫెరిష్టాయే ఇంకోచోట చెప్పాడు. కవి ఈ రెంటినీ ముట్టుకోలేదు. మొదటిది మారిస్తే నవల ఒక మతం మీద తీర్పయి కూర్చుంటుంది. రెండోది మారిస్తే మందుగుండు లెక్కలు రావాలి, కవికి రావు. బోయీలెవరని శ్రీశ్రీ అడిగి ఇన్నేళ్లయినా వాళ్లకొక నవల బాకీ ఉంది కదా అనుకుని, పల్లకి దగ్గరే కథ మలుపు తిప్పాడు.

నిలిచెన్ = పారిపోలేదు. నవల మొత్తానికి అబద్ధం ఇదొక్కటే. ప్రత్యామ్నాయ చరిత్ర రాసేవాడికి ఒక్క అబద్ధానికే అనుమతి. ఆ తరవాత ప్రతి పేజీ నిజమైనా కావాలి, ఆ అబద్ధం కడుపున పుట్టిందైనా కావాలి. చారిత్రక నవల రాసేవారికి ఈ బాధ లేదు. ఆయన రాణిగారికి లేని చెలికత్తెను ప్రసాదిస్తే ఎవరూ ఆధారం అడగరు. ఇక్కడ అలా కాదు. చిత్తుప్రతి చదివిన మిత్రుడొకరు రామరాయలు గెలవడాన్ని తొణక్కుండా ఒప్పుకుని, సైనికుల గంజిలోకి పచ్చిమిరపకాయ ఎలా వచ్చిందని నిలదీశారు. పోర్చుగీసులు గోవాను పట్టుకుని అప్పటికి 55 ఏళ్లయింది కాబట్టి రావచ్చని కవి చాలాసేపు వాదించి, చివరికి మిరియాలతో రాజీపడ్డాడు.

పుస్తకంబు ఒక్కటి = ఒక పుస్తకం. 'ఒక్కటి' వినయం కాదు. రెండోది రాసే ఓపిక లేదని ధ్వని.

రాసి = 'వ్రాసి' అని ఉండాలనే పండితులకు: అలా దిద్దుకున్నా పై పాదం చివరి భగణం రగణమవుతుందే తప్ప పద్యం చెడదు. దిద్దుకోండి.

అచ్చు రాజ్యము ఏలువాడు = ప్రచురణకర్త. 'వాడు' అన్నది యతి కోసం. మనిషి పెద్దమనిషి, కాఫీ కూడా ఇప్పించారు.

నవ్వి = హాస్యరసం కాదు. పుస్తకాన్ని చరిత్ర అరలో పెట్టాలో నవలల అరలో పెట్టాలో తెలియనప్పుడు వచ్చే నవ్వు.

వాస్తవంబు ఏదయా = ఇందులో జరిగిందెంత? దీని వెనక ఇంకో ప్రశ్న దాక్కుని ఉంది: విలన్ ఎవరు? ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండ గద్దెనెక్కకముందు, అన్న జంషీద్‌కు భయపడి విజయనగరానికి వచ్చి ఏడేళ్లు రామరాయల ఆశ్రయంలో గడిపాడు. తెలుగు కవులకు మల్కిభరాముడై, అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానానికి కృతిభర్త అయ్యాడు. ఆ అతిథే 1565లో ఎదుటి పక్షాన నిలిచాడు. నవలలో ఓడి పట్టుబడ్డ ఇబ్రహీంను రాయల ముందుకు తెస్తారు. ఇద్దరూ తెలుగులో మాట్లాడుకుంటారు, ఎక్కువగా పాత రోజుల గురించి. కవికి ఈ అధ్యాయమే ప్రాణం. "అంత మంచివాడైతే యుద్ధానికెందుకు వచ్చాడండీ?" అన్నారు ప్రచురణకర్త. అది కవిని కాదు, జరిగిన చరిత్రనే అడగాల్సిన ప్రశ్న.

ఇంకొకరు సుల్తానుల పేర్లు మార్చమన్నారు. మరొకరు గెలుపు వరకే ఉంచి రెండో భాగం తీసేయమన్నారు. రెండో భాగంలో ఉన్నది ఇదీ: పేరుకు రాజైన సదాశివరాయలను రామరాయలు కాపలాలో ఉంచాడు, ముఖ్యమైన కోటలు బంధువులకు పంచాడు. యుద్ధం గెలిస్తే ఆ చిక్కులు మాయమవుతాయా? యుద్ధంలో చనిపోవాల్సిన తమ్ముడు వెంకటాద్రి ఇక్కడ బతికాడు కాబట్టి, ఇంకో తమ్ముడు తిరుమలతో వాటాకు దిగాడు. "గెలిపించి మళ్లీ కూల్చడమెందుకండీ?" అన్నది ఆ భాగం తీసేయమన్నాయన బాధ. పల్లకి పడకపోతే ఆ మధ్యాహ్నం మారుతుంది, వంశం మారదు.

కలను = స్వప్నాన్ని; యుద్ధమని కూడా. శ్లేష. ప్రచురణకర్త దీన్ని ఉద్దేశించి ఉండరు.

నమ్మి కొనెడి ఘనుఁడు = పాఠకుడు. ఏకవచనం గమనార్హం. చివరికి కవి సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించుకున్నాడు. మంచం కింద ఉన్నవాటి సంఖ్య వ్యాఖ్యకు అప్రస్తుతం.

తాత్పర్యం

బోయీ నిలబడ్డాడు, ప్రచురణకర్త నిలబడలేదు.

విశేషాలు

ఈ మార్గం కొత్తది కాదు. అలెగ్జాండర్ రోము మీదికి వచ్చి ఉంటే ఏమయ్యేదని రెండువేల ఏళ్ల కిందటే లివీ తర్కించి, రోమే గెలిచేదని తేల్చాడు, ఆయన రోమువాడే. మనకు దగ్గరివాడు జయంత్ నార్లీకర్. 1761 పానిపట్టులో విశ్వాసరావుకు తగిలిన తూటా తగలకుండా చెవి పక్కనుంచి పోయిన ప్రపంచాన్ని ఆయన మరాఠీ కథగా రాశారు. అందులోని చరిత్ర ప్రొఫెసరు అధ్యక్షోపన్యాసం ఇవ్వబోతే ఆ ప్రపంచపు జనం టమాటాలు విసురుతారు. మరాఠాలు గెలిచిన లోకంలో సభాధ్యక్షులకు చోటు లేదన్నది గొప్ప ఊహ. తెలుగు సభలకు వెళ్లేవారు ఆ కథ తప్పక చదవాలి.

విశ్వనాథ పన్నెండు నవలల పురాణవైర గ్రంథమాలను ఈ కోవలో చేర్చబోయేవారున్నారు. చేర్చకూడదు. ఆయన దృష్టిలో తాను రాసిందే చరిత్ర, పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కల్పన.

శంక: నవలలో హైదరాబాదు ఏమైంది? సమాధానం: 1591లో ఆ నగరం కట్టించిన మహమ్మద్ కులీ, ఇబ్రహీం కొడుకు. తండ్రి ఓడి గోల్కొండ సామంతరాజ్యమయ్యాక చార్మినార్ లేవదని కవి నిర్ణయం. నవల అచ్చయిన ఊరు నవలలో లేదు. ఈ సంగతి ప్రచురణకర్తకు చెప్పలేదు.

ఫలశ్రుతి

దీన్ని చదివినవారికి పుణ్యం సంగతి తెలియదు కాని, ఓ పుస్తకాల కొట్టువారు నవలను పోటీ పరీక్షల పుస్తకాల మధ్య పెట్టారు. గ్రూప్ వన్‌కు చదువుతున్న అబ్బాయి ఒకడు ఫోన్ చేసి, "సార్, తళ్ళికోటలో గెలిచిందెవరు, ఫైనల్‌గా చెప్పండి" అని అడిగాడు. అలాంటి పరీక్షార్థులందరికీ మనవి: 1565లో రామరాయలు ఓడిపోయాడు. జవాబుపత్రంలో అదే రాయండి.