రోగి వేషము

కొందరు పెద్దమనుషులుందురు, వారికి ఎంత చిన్న పాత్ర నిచ్చినను అది నాయకపాత్రగా పరిణమింపక మానదు. యౌవనమున ఊరి నాటకసమాజములో దుర్యోధనుడుగనో హరిశ్చంద్రుడుగనో రంగమెక్కి, ఒక్కొక్క పద్యమునకు వన్స్‌మోర్లు పుచ్చుకొని, ఉద్యోగవిరమణానంతరము ఆ కళాతృష్ణ తీరు మార్గము గానక పరితపించు అట్టి తాతగారితో, ఐదేండ్ల మనుమరాలిని పళ్లడాక్టరు నొద్దకు గొనిపోవుటకు ముందు ఆ తంతునంతయు ఇంట ఆటగా ఆడించి భయము పోగొట్టదలచిన కోడలు, "మామయ్యగారూ, మీరు పేషెంటుగా కూర్చోండి, చాలు" అన్నచో, ఆ 'చాలు' మాత్రము ఆయన చెవిని బడదు. (ఈ కొలువు సాధారణముగా తాతగారికే దక్కును; తండ్రికి తీరికయుండదు, ఉన్నను తన పుచ్చిపన్ను జ్ఞప్తికి వచ్చి మెల్లగా జారుకొనును.)

ఆట నిజమునకు మిక్కిలి సులభము. పడకకుర్చీ, మెడకు తువ్వాలు, డాక్టరుగారి చిన్న అద్దమునకు మారుగా టీచెంచా, ఒక టార్చిలైటు ఉన్న చాలును. డాక్టరు పాత్ర బిడ్డది: మొదట పెద్దల పళ్లు తాను లెక్కపెట్టి, పిదప తన 20 పాలపళ్లను లెక్కపెట్టించుకొనును. ఆడల్‌స్టన్ అను దంతవైద్యుడు 1959లో 'చెప్పుట, చూపుట, చేయుట' అను క్రమమును ప్రతిపాదించెను. పనిముట్టు నేదైనను బిడ్డకు తెలిసిన మాటలలో ముందు చెప్పి, గోటిపై త్రిప్పి చూపి, పిమ్మటనే నోట బెట్టవలెనని దాని సారము. ఇంటి ఆట దానికి పూర్వరంగము వంటిది. ఇందు రోగి చేయవలసినదెల్ల నోరు తెరచి ఊరకుండుట. నోరు తెరచియు ఊరకుండుట తాతగారి వంశమున లేని విద్య.

మా వీథిలోని తాతగారొకరు, "ఆ అను తాతయ్యా" అని పాప చెంచా చూపినదో లేదో, గుండెపై చేయి వైచికొని "హా విధీ!" యని ఎలుగెత్తగా, డాక్టరమ్మ చెంచా విడిచి తల్లి కొంగున దూరినది. "భయం పోగొట్టాలండీ, పెట్టకూడదు" అని కోడలు గొణిగినంతనే ఆయన కరుణమును వీడి వీరమునకు దిగి, "సూదియా! నూరు సూదులు రానిమ్ము!" అని మీసము దువ్వెను. వారము దినములుగా ఆ యింట నెవ్వరును సూది మాట యెత్తకుండ కోడలు కాపాడుకొనుచున్నది.

"సూది వేస్తారా అమ్మా?"

తుదకు వ్యవహారమును చక్కబెట్టినది పాపయే. "నువ్వు సరిగ్గా చెయ్యట్లేదు తాతయ్యా, నువ్వు కాంపౌండరువి, లైటు పట్టుకో" అని ఆయనను తగ్గించి, రోగి స్థానమున గుడ్డబొమ్మను కూర్చుండబెట్టినది. ఊరకుండు విద్యయందు ఆ బొమ్మ నిష్ణాతురాలు. మూడు సాయంకాలములు దాని చికిత్స నిర్విఘ్నముగా సాగినది. నాల్గవనాడు పాప నిజమైన కుర్చీ నెక్కి, బొమ్మను ఒడిలో నుంచుకొని, అడుగకమునుపే నోరు తెరచినది.

"తాతగారూ, లైటు మాకుందండీ" అని డాక్టరుగారు బ్రతిమాలుచుండగా, టార్చి చేతబట్టిన కాంపౌండరు, ఇంత పాత్రకు ప్రవేశపద్యమొకటి లేకున్న బాగుండదని గొంతు సవరించుకొనుచుండెను.