ఫ్రేములోంచి కాస్త జరగండి

ఆ రీలు మీకూ వచ్చే ఉంటుంది. ఇంకా రాకపోతే సాయంత్రంలోగా వస్తుంది, తొందరేం లేదు. చోడవరం చుట్టుపక్కల ఎవరికీ తెలియని ఫొటో స్పాట్లు అంటూ మొదలవుతుంది. అందులో మా వడ్డాది ఒకటి. పెద్దేరు గట్టు, అవతల కొండ, పైనుంచి డ్రోను, మధ్యలో ఎవరో పిల్లనగ్రోవి. కామెంట్లలో అందరిదీ ఒకటే ప్రశ్న: "లొకేషన్ ప్లీజ్ బ్రో."

"ఎవరికీ తెలియని" అన్న మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. భీమిలి నుంచి నర్సీపట్నం పోయే బీఎన్ రోడ్డు మీది ఊరిది. మాడుగుల మీదుగా పాడేరు వెళ్లేవాళ్లు ఇక్కడ మలుపు తిరగాల్సిందే. తెల్లారింది మొదలు బస్సులు, ఆటోలు, చెరకు బళ్లు, లారీలు. ఇంతమంది దిగి ఎక్కే జంక్షను ఎవరికీ తెలియదట. మరి మేమెవరం?

ఆ తర్వాతి మాట 'మినీ కేరళ'. లంబసింగి ఆంధ్రా కశ్మీరు, అరకు ఆంధ్రా ఊటీ, కోనసీమ ఎప్పుడో కేరళ అయిపోయింది. మిగిలిన ఊళ్లకు మిగిలిన పేర్లు పంచుతున్నారు. వడ్డాది వంతు వచ్చేసరికి మళ్లీ కేరళే ఇచ్చారంటే స్టాకు అయిపోయినట్టుంది. త్రివేండ్రంలో ఎవరైనా తమ ఊరి కాలవ గట్టును 'మినీ వడ్డాది' అన్నారేమో కనుక్కుని చెప్పండి, నేనూ ఓ లైకు కొడతాను.

మంచి స్పాటుకు ఉండాల్సిన లక్షణాలేమిటో ఈ రీళ్ల పుణ్యమా అని నాకు కంఠతా వచ్చేశాయి. నీళ్లుండాలి. చెట్టుండాలి. పడవుంటే మరీ మంచిది. గేదె ఉండొచ్చు, కానీ ఒక్కటే ఉండాలి, అది కూడా ఎండ కుడిపక్క నుంచి పడేలా నిలబడాలి. బట్టలుతికే ఆడవాళ్లు ఉండకూడదు. గాలం వేసే ముసలాయన వెనక్కి తిరిగి కూర్చుంటే ఉండొచ్చు, ఇటు తిరిగితే కూడదు. అడ్డొచ్చిన మనిషిని ఫొటోలోంచి తుడిచెయ్యడానికి గూగుల్ వాడు 2021లోనే తన పిక్సెల్ ఫోన్లలో 'మేజిక్ ఎరేజర్' అని ఒకటి పెట్టాడు. అది లేని ఫోన్లవాళ్లు నోటితో తుడుస్తున్నారు. "అంకుల్, ఫ్రేములోంచి కాస్త జరగండి." మా ఊళ్లో, మా గట్టు మీద, మా నాన్న తరం నుంచీ కూర్చునే చోట నన్ను జరగమన్నది ఇరవై రెండేళ్ల కుర్రాడు. జరిగాను. అతని వెనక ఇంకో ముగ్గురు అదే చోటు కోసం వరసలో నిలబడి ఉన్నారు మరి.

నది అయింది, కొండ మీది వెంకన్న గుడి అయింది. ఈ చలికాలం కొత్త స్పాటు కనిపెట్టారు. బెల్లం గానుగ. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలకు ఇప్పుడు గానుగే కావాలి. ఆవిరి పొగమంచులా వస్తుందట, పాకం బంగారంలా మెరుస్తుందట, అన్నిటికన్నా ముఖ్యంగా అద్దె ఉండదట. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటని మనం ఎన్నేళ్లు చెప్పుకున్నా ఎవరూ ఇటు తిరిగి చూడలేదు. ఇన్నాళ్లకు ఆవిరి ఇటు చూసేలా చేసింది.

ఊరి చివర గానుగ దగ్గర నా కళ్లముందే జరిగింది చెబుతాను. కారు దిగిన కెమెరా కుర్రాడు పాక చుట్టూ ఓసారి తిరిగి, అడిగిన మొదటి మాట, "ఎద్దులేవండీ?" ఆ గానుగ ఎద్దులతో తిరగడం మానేసి ఎన్నేళ్లయిందో రైతుకే గుర్తు లేదు. ఇంజను టకటకలాడుతోంది. "దాన్ని కాసేపు ఆపుతారా, ఫీల్ పోతోంది" అన్నాడు. ఇంజను ఆపితే రసం ఆగుతుంది. రసం ఆగితే తర్వాతి పెనం ఖాళీ. ఇది చెప్పడానికి రైతుకు ఐదు నిమిషాలు పట్టింది, అర్థం చేసుకోవడానికి వాళ్లకు పది పట్టింది.

తర్వాత పొయ్యి దగ్గర పిప్పి ఎగదోస్తున్న ఆమెను లేవమన్నారు. చీర రంగు బాగా లేదట. ఆమె లేస్తే మంట తగ్గుతుంది. అయినా లేచింది, మర్యాదస్తురాలు. ఆ చోట పెళ్లికూతుర్ని కూర్చోబెట్టారు. పట్టు లంగా ఓణీ, తలనిండా కనకాంబరాలు. ఆ పిల్ల పిప్పిని ఒక్కొక్క పుల్లా తీసి, దేవుడి ముందు అగరొత్తి వెలిగించినంత భక్తిగా పొయ్యిలో పెట్టింది. పెళ్లికొడుకు చేతికి పొడుగు గరిటె ఇచ్చి కలపమన్నారు. కలుపుతూ నవ్వమన్నారు. నవ్వుతూ ఆమెవైపు చూడమన్నారు. మరిగే పెనం పక్కన నిలబడి అటెటో చూస్తూ గరిటె తిప్పే మనిషిని గానుగ పుట్టాక ఎవరూ చూసి ఉండరు. పనివాళ్లంతా నాలుగడుగులు వెనక్కి వేశారు. ఫ్రేము ఖాళీ చెయ్యడానికి కాదు, ప్రాణభయంతో.

పాకం సంగతి తెలియనివాళ్లకు ఒక్క ముక్క. రసం మరగాలి, సున్నపు తేట పొయ్యాలి, పైకి తేలిన మడ్డి ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. చివర్లో అదను నిమిషాల్లో ఉంటుంది. చెంబుడు నీళ్లలో ఓ చుక్క వేసి వేళ్లతో నలిపి చూస్తారు. ముద్ద కట్టిందా, దించెయ్యాలి. దాటిందా, రంగు తిరుగుతుంది. మార్కెట్లో బెల్లానికి రంగే ధర. తేనెరంగు దిమ్మకో రేటు, నల్లబడ్డదానికో రేటు. పైగా నల్లబెల్లమంటే సారా బట్టీలకు పోతుందన్న అనుమానం ఒకటి తగులుకుంది. ఈ రంగు పిచ్చి వల్లే కొందరు హైడ్రోసు అనే రసాయనం కలుపుతారు. కలపొద్దని అధికారులు కేకలేస్తారు. కలపని బెల్లం చూసి కొనేవాడు మొహం తిప్పుకుంటాడు. రైతుకు ఇన్ని ఉన్నాయి ఆ పెనం చుట్టూ.

సరిగ్గా ఆ అదనులో మన కుర్రాడికి వెలుగు కుదిరింది. "పెద్దాయనా, దించకండి, ఆవిరి సూపరుగా వస్తోంది, ఒక్క నిమిషం." ఆ నిమిషంలో పెళ్లికొడుకు కళ్లు మూశాడు. రీటేకు. పెళ్లికూతురి జడ ముందుకు రాలేదు. రీటేకు. పాకానికి రీటేకు లేదని చెప్పడానికి రైతు నోరు తెరిచేలోపు, "సౌండ్ వద్దండీ, రీలుకి కూడా తీస్తున్నాం" అన్నారు.

దించేసరికి అది మరో రంగులో ఉంది. కారెక్కబోతూ కుర్రాడు ఐదు వందల నోటు రైతు జేబులో కుక్కబోయాడు. ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒద్దు బాబూ, నువ్వే ఒట్టుకెళ్లు. ఆ బెల్లం గూడా ఒట్టుకెళ్లు, మీ పెళ్లిలో పానకం సేసుకోండి." వాళ్లు దాన్ని ఆశీర్వచనం అనుకున్నారు. "థాంక్యూ పెద్దాయనా" అని చెయ్యి ఊపి వెళ్లారు. వీడియో వచ్చింది. చూశాను. అందులో రైతు లేడు. పిప్పి ఎగదోసినామె చెయ్యి మాత్రం ఓ మూల అర క్షణం కనిపిస్తుంది, దాన్ని కూడా మసక చేశారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి కథ మనందరికీ తెలుసు. పాపం, వాడికి కెమెరా లేదు కాబట్టి చుట్టతో సరిపెట్టుకున్నాడు.

అసలు ఈ చెరకు గానుగకే ఎందుకొచ్చిందో ఒక్కరైనా అడిగారా? తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతులు తమ డబ్బు కోసం 2025లో రోడ్డెక్కారు. తోలిన చెరకుకు డబ్బు ఎప్పుడొస్తుందో తెలియనివాడు చెరకు తీసేసి ఇంకో పంట వేస్తాడు, లేదా అప్పు చేసి గానుగాడతాడు. ఆ ధర్నా కూడా మంచి వెలుతురులోనే జరిగింది. ఏ డ్రోనూ ఎగరలేదు. అప్పుల్లో కూరుకున్న మనిషి ఇంటికి వెళ్లి, ఆయన పొయ్యి ముందు నవ్వుతూ నిలబడి, ఆయన్నే పక్కకు జరగమనడానికి ఎంత ధైర్యం కావాలి! ధైర్యం కాదు, సిగ్గు లేకపోతే చాలు.

ఇక ఆ నది సంగతి. రీలులో కెమెరా ఎప్పుడూ ఒకే పక్కకు చూస్తుంది, గమనించారా? ఇంకో పక్కకు తిప్పితే ఇసుక తోడేసిన గోతులుంటాయి. వాన నీరు నిండాక గొయ్యీ గట్టూ ఒక్కలాగే కనబడతాయి. మోకాలి లోతనుకుని దిగినవాడికి రెండో అడుగు అందదు. 2018లో మన వైద్యులే ఒక అధ్యయనం వేశారు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు దాకా ప్రపంచంలో సెల్ఫీలు తీసుకుంటూ చనిపోయినవాళ్లు, వార్తల్లోకి ఎక్కినంతవరకే, 259 మంది. అందరికంటే ఎక్కువమంది మన దేశంలోనే. కారణాల్లో మొదటిది నీళ్లలో మునిగిపోవడం. ఎగువన పెద్దేరు జలాశయం ఉందని, గేట్లెత్తితే దిగువకు నీళ్లొస్తాయని, దండోరా వేసి మరీ గట్టు దగ్గరికి రావొద్దంటారని, లొకేషన్ అడిగిన బ్రోలలో ఎందరికి తెలుసు? లొకేషన్ పెట్టినవాడు ఆ మాట ఎందుకు పెట్టలేదు? పెడితే 'వైబ్' పోతుందా?

బీఎన్ రోడ్డు గుంతల గురించి నేను చెప్పక్కర్లేదు, మీ నడుములే చెబుతాయి. ఏళ్లనాటి వంతెనలు కుంగితే పక్కన మట్టితో డైవర్షన్ వేస్తారు, గట్టి వాన పడితే అది ఏటి పాలవుతుంది, పిల్లలు బడికి, గర్భిణులు ఆసుపత్రికి చుట్టు తిరిగి పోతారు. అలా కుంగిన వంతెన ఒకదాన్ని కూడా ఒకాయన రీలు తీశాడు. రోడ్డు వెయ్యమని కాదు. 'వింటేజ్ బ్రిడ్జ్' అట.

ప్రభుత్వాలకు ఇదంతా హాయిగా ఉంది. రోడ్డు అడిగేవాడికంటే స్పాటు అడిగేవాడు చౌక. 2023లో రైల్వే స్టేషన్లలో సెల్ఫీ బూత్‌లు పెట్టారు. సమాచార హక్కు కింద అడిగితే మధ్య రైల్వే చెప్పిన లెక్క, తాత్కాలికమైతే ఒక్కోటి రూ.1.25 లక్షలు, శాశ్వతమైతే రూ.6.25 లక్షలు. విశాఖ బీచ్‌లో తేలే వంతెనను 2024 ఫిబ్రవరి 25న అట్టహాసంగా తెరిచారు. మర్నాడే దాని కొస విడిపోయి సముద్రంలో తేలుతూ కనిపించింది. అధికారులేమన్నారో గుర్తుందిగా, అది మాక్ డ్రిల్లు అట. స్పాటు అయ్యాక మిగిలేదేమిటో కూడా చూశాం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు పొద్దెక్కితే కరిగిపోతాయి, కిందపడేసిన ప్లాస్టిక్ సీసాలు మాత్రం కరగవు.

జపానువాళ్లకు ఓపిక పోయింది. ఫుజి కొండ కనిపించే ఒక చిన్న ఊళ్లో ఫొటోలకొచ్చేవాళ్లు రోడ్డుకడ్డం నిలబడి, చెత్త పడేసి, ఊరివాళ్ల గుమ్మాల్లో కూర్చుని ప్రాణం తీస్తుంటే, 2024 మేలో మునిసిపాలిటీవాళ్లు కొండ కనబడకుండా నల్ల తెర కట్టేశారు. మనవాళ్లయితే ఆ తెర ముందు నిలబడి దిగేవారు.

వడ్డాది అనగానే పాత చదువరులకు మా ఊరికంటే ముందు చిత్రకారుడు వడ్డాది పాపయ్య గుర్తొస్తారు. చందమామ, యువ అట్టలు చించి గోడలకు అంటించుకున్న ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, 1992లో పోయేదాకా ఎక్కువ కాలం ఇక్కడికి దగ్గర్లోని కశింకోటలో ఉన్నారు. ఆయన బొమ్మల్లో చెట్టూ చేమా ఎంత ఉన్నా నడిమధ్యన ఓ ఆడమనిషి ఉంటుంది. ఆవిడ కోసం చెట్టు జరుగుతుంది తప్ప చెట్టు కోసం ఆవిడ జరగదు. ఆయన్ని ఇప్పుడు తెచ్చి పెద్దేరు గట్టున నిలబెడితే, "అంకుల్, కాస్త పక్కకి" అంటారు. అనుమానం లేదు.

వస్తామంటే రావొద్దనే హక్కు నాకు లేదు, గట్టు మా తాతది కాదు. కానీ వచ్చేముందు పెద్దేరు గేట్లెత్తారేమో అడిగి రండి. నీళ్లలోకి దిగకండి, గోతులెక్కడున్నాయో మాకే తెలియదు. పొయ్యి మీద పాకం ఉండగా గానుగ మనిషిని పలకరించకండి. దించాక పలకరిస్తే వేడి బెల్లం చేతిలో పెడతాడు, పేరడగండి, ఫొటోలో ఆయన్నీ ఉంచండి. వెళ్లేటప్పుడు రెండు దిమ్మలు కొనుక్కెళ్లండి. కాస్త నల్లగా ఉన్నవే తీసుకోండి. బేరమాడకండి.