అభివృద్ధి కోసమే పోయారు

మా పెద్దారవీడు మండలం ఇంకా ఎందుకు వెనకబడి ఉందో అంతుపట్టడం లేదు. మా కోసం నాయకులు చెయ్యని త్యాగం లేదు. ఉన్న పార్టీని వదులుకున్నారు, మొన్నటిదాకా ప్రాణం ఇస్తామన్న అధినేతను వదులుకున్నారు, నిన్న తిట్టినవాళ్లను కావలించుకున్నారు. ఎందుకు సామీ ఇంత కష్టం అంటే, ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అన్నారు. ఆ లెక్కన యర్రగొండపాలెం నుంచి గిద్దలూరు దాకా మెట్రో రైలు తిరుగుతూ ఉండాలి. ప్రస్తుతానికి నీళ్ల ట్యాంకర్ తిరుగుతోంది.

లెక్క 2014 నుంచి మొదలుపెడదాం. వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి మూడేళ్లు. కాంగ్రెస్ మీద తిరగబడి పుట్టిన పార్టీ. పడమటి ప్రకాశంలో మూడు సీట్లు దాని చేతిలో పెట్టాం. యర్రగొండపాలెంలో పాలపర్తి డేవిడ్ రాజు, మార్కాపురంలో జంకె వెంకటరెడ్డి, గిద్దలూరులో ముత్తుముల అశోక్ రెడ్డి. అధికారం మాత్రం తెలుగుదేశానికి వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి ముగ్గురిలో ఇద్దరు సైకిలెక్కారు. జంకె ఒక్కరే ఫ్యాను కింద మిగిలారు. అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్, కందుకూరులో పోతుల రామారావు కూడా అదే దారి పట్టారు. అప్పటి ప్రకాశం జిల్లాలో ఆ పార్టీ గెలిచిన ఆరింటిలో నాలుగు అటు పోయాయి. రాష్ట్రం మొత్తం మీద 67 మందిలో 23 మంది.

మరి ఫిరాయింపుల చట్టం లేదా? ఉంది, దానికి వయసు కూడా బాగానే వచ్చింది. 1985లో పుట్టినప్పుడు, పార్టీలో మూడో వంతు మంది కలిసి బయటికొస్తే అది ఫిరాయింపు కాదు, చీలిక అంది. అంటే ఒక్కడు దూకితే తప్పు, గుంపుగా దూకితే సిద్ధాంతం. 2003లో ఆ వెసులుబాటు తీసేశారు. ఇప్పుడు విలీనం అనిపించుకోవాలంటే మూడింట రెండొంతుల మంది కావాలి. 67లో మూడో వంతంటే 23కి కాస్త తక్కువే. పాత చట్టమే ఉండి, గుంపుగా ఒకేసారి దూకుంటే మనవాళ్లు పద్ధతి ప్రకారం పోయినట్టే. కొత్త చట్టానికి 45 మంది కావాలి. 45 మందిని కూడగట్టడం కంటే స్పీకర్ గారి దగ్గర ఫిర్యాదును నిద్రపుచ్చడం సులువు. సభ గడువు తీరేదాకా అది లేవలేదు. ఈలోగా 2017 ఏప్రిల్‌లో ఆ 23 మందిలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు.

2019లో తెలుగుదేశానికి వచ్చిన సీట్లు సరిగ్గా 23. దేవుడు రాసిన స్క్రిప్టు అని వైసీపీ అధినేత జగన్ మురిసిపోయారు. రాజీనామా చేసి వస్తేనే మా పార్టీలో చోటు అన్నది ఆయన పెట్టుకున్న నియమం. 2017లో శిల్పా చక్రపాణిరెడ్డి ఎమ్మెల్సీ పదవి వదులుకునే చేరారు కూడా. తీరా అధికారం వచ్చాక, చీరాల కరణం బలరాం సహా నలుగురు తెలుగుదేశం ఎమ్మెల్యేలు కండువా కప్పుకోకుండానే ఇటు పక్కకు జరిగారు. నియమం చెడలేదు, మనిషీ దక్కాడు. వాళ్లు నలుగురూ, అటు జారిన వైసీపీవాళ్లు నలుగురూ అనర్హులని 2024 ఫిబ్రవరి చివర్లో స్పీకర్ తేల్చారు. అప్పటికి ఎన్నికల షెడ్యూల్‌కు మూడు వారాలు కూడా లేదు. తెలంగాణలో ఇంకో అడుగు ముందుకేశారు. పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జులైలో సుప్రీంకోర్టు చెబితే, అయిదుగురు పార్టీ మారినట్టు ఆధారాలే లేవని డిసెంబర్‌లో స్పీకర్ ఫిర్యాదులు కొట్టేశారు. మా మండలంలో పశువు తప్పిపోతే రెండు రోజుల్లో ఆనవాలు పడతారు. ఎమ్మెల్యే ఏ పార్టీలో ఉన్నాడో కనుక్కోవడం అంతకంటే కష్టమన్నమాట.

గిద్దలూరువాళ్ల అనుభవం ఇంకా గొప్పది. అన్నా రాంబాబు 2009లో ప్రజారాజ్యం తరఫున గెలిచారు. రెండు పెద్ద పార్టీలనూ ఊడ్చేస్తానని వచ్చిన ఆ పార్టీ 18 సీట్లు తెచ్చుకుని, 2011లో ఆ రెండింట్లో ఒకదాంట్లో కలిసిపోయింది. 2014లో రాంబాబు తెలుగుదేశం, అశోక్ రెడ్డి వైసీపీ. 2019లో రాంబాబు వైసీపీ, అశోక్ రెడ్డి తెలుగుదేశం. బరిలో అవే రెండు మొహాలు, మెడలో కండువాలు మాత్రం తారుమారు. రెండుసార్లూ గెలిచింది ఫ్యాను గుర్తే. ఓటరు కదల్లేదు. ఇక మా ఒంగోలు ఎంపీ మాగుంట శ్రీనివాసులురెడ్డి 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైసీపీ, 2024లో మళ్లీ తెలుగుదేశం. ఓటుకు నోటు తీసుకుంటారని, నిలకడ లేదని మమ్మల్ని టీవీల్లో తిట్టే పెద్దలు ఈ జాబితా ఒకసారి చదువుకోవాలి.

ఈ మధ్య మార్కాపురంలో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చోవాల్సి వచ్చింది. కంప్యూటర్ ముందు కుర్రాడు ఒక నాయకుడి బోర్డు తయారు చేస్తున్నాడు. రెండు చేతులూ జోడించిన ఫొటో, తెల్ల చొక్కా. “కొత్త ఫొటో దిగలేదా అబ్బాయా?” అన్నాను. “ఎందుకు సార్, దండం అదే కదా. వెనక రంగు మార్చి, పైన గుండ్రాల్లో తలకాయలు మారిస్తే చాలు” అని నిమిషంలో నీలం తీసి పసుపు పోశాడు. కింద ‘ఇట్లు యువసేన’ ముట్టుకోలేదు. పాత ఫైలు తీసేస్తున్నావా అంటే నవ్వాడు. “దాన్ని తియ్యం సార్, మళ్లీ అవసరం పడుద్ది.” రాజకీయ విశ్లేషకుల్ని చాలామందిని విన్నాను, ఇంత ముందుచూపు ఉన్నవాణ్ని చూళ్లేదు.

పార్టీ మారకుండా ఊరు మారినవాళ్లూ ఉన్నారు. 2024లో వైసీపీ మార్కాపురం నాగార్జునరెడ్డిని గిద్దలూరుకు, గిద్దలూరు రాంబాబును మార్కాపురానికి, యర్రగొండపాలెం ఆదిమూలపు సురేష్‌ను కొండపికి పంపింది. విద్యాశాఖ మంత్రిగా టీచర్ల బదిలీలు చూసిన సురేష్‌కే బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. మార్కాపురం పలక మీద పేరు తుడిచి ఇంకో పేరు రాసినంత తేలిగ్గా జరిగిపోయింది. బదిలీ అయిన ముగ్గురూ ఓడారు. కొత్తగా వచ్చిన తాటిపర్తి చంద్రశేఖర్ యర్రగొండపాలెంలో గెలిచారు. అంటే 2014 నుంచి మూడు ఎన్నికల్లో మా యర్రగొండపాలెం నియోజకవర్గంలో మనిషి మారాడు గానీ పార్టీ మారలేదు. నిలకడ ఎవరికి ఉందో చూశారా?

ఇంతకీ పార్టీ మారడమే పాపమని మేమెప్పుడూ అనలేదు. 2012 జూన్‌లో, జగన్ వెంట నడిచి పదవులు పోగొట్టుకున్న కాంగ్రెస్ ఎమ్మెల్యేలే ఎక్కువగా మళ్లీ జనం ముందుకొచ్చారు. 18 ఉప ఎన్నికల్లో 15 కొత్త పార్టీ గెలిచింది, ఒంగోలులో బాలినేని శ్రీనివాసరెడ్డి సహా. ఆ బాలినేని 2024లో జనసేనలో చేరారనుకోండి, అది వేరే కథ. బ్రిటన్‌లో ఫిరాయింపుల చట్టమే లేదు. అయినా 2014లో డగ్లస్ కార్స్‌వెల్, మార్క్ రెక్‌లెస్ కన్జర్వేటివ్ పార్టీ వదిలి యూకిప్‌లో చేరినప్పుడు పదవులకు రాజీనామా చేసి, ఉప ఎన్నికల్లో గెలిచి వచ్చారు. తర్వాత కాలంలో రిఫార్మ్ పార్టీలోకి దూకిన లీ ఆండర్సన్ లాంటివాళ్లకు ఆ ఓపిక లేకపోయింది. అడిగి పోయినవాణ్ని జనం ఆదరిస్తారు. అడగకుండా పోయినవాడికి జనం అంటే భయం, అంతే తేడా.

అభివృద్ధి సంగతికి వద్దాం. మాకు అభివృద్ధి అంటే వెలిగొండ ప్రాజెక్టు. 1996లో శంకుస్థాపన. సీపీఐ నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. 2024 మార్చిలో దోర్నాల దగ్గర రెండు సొరంగాలు ప్రారంభించారు. నీళ్లు మాత్రం మా పొలాలకు రాలేదు. రిజర్వాయర్ కోసం ఊరు వదలాల్సిన మా సుంకేసులవాళ్లు పరిహారం, పునరావాసం అంటూ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నారు. 2016లో అధికార పక్షంలోకి పోయిన ఏ ఎమ్మెల్యే వెంటా కృష్ణా జలాలు నడిచి రాలేదు.

కానీ అభివృద్ధి వచ్చే దారి ఒకటుంది, నల్లమల అవతల మేం కళ్లారా చూశాం. 2017లో నంద్యాలకు ఉప ఎన్నిక వచ్చింది. మంత్రులంతా అక్కడే మకాం పెట్టారు, రోడ్లు వెడల్పయ్యాయి, ఇళ్ల మంజూరు పత్రాలు వచ్చాయి. కాబట్టి ఈసారి పార్టీ మారదల్చిన నాయకులకు మా విన్నపం ఒకటే. ముందు రాజీనామా ఇచ్చి, దాన్ని ఆమోదింపజేసుకుని, ఆ కాగితం పెద్దారవీడు సెంటర్లో చూపించండి. ఉప ఎన్నిక వస్తుంది, మంత్రులొస్తారు, వెలిగొండ కాలువ మీద కంకర అయినా పడుతుంది. దండల ఖర్చు మేమే పెట్టుకుంటాం. అంత చేతగాదంటారా, అభివృద్ధి పేరు ఎత్తకుండా ‘నా కోసం పోతున్నా’ అనండి. నిజం చెప్పాడని పది ఓట్లు ఎక్కువే పడొచ్చు.