బొమ్మకు 20 సెకన్లు.. శాలువాకు గంట!

20 బొమ్మలు. ఒక్కోదానికి 20 సెకన్లు. 6 నిమిషాల 40 సెకన్లలో కళాకారుడు మైకు దించాలి.

బొమ్మలు చూపి మాట్లాడే ఈ పద్ధతి పేరు పెచాకుచా. 2003లో టోక్యోలో పుట్టింది. పెట్టింది ఇద్దరు ఆర్కిటెక్టులు. ఆర్కిటెక్టుల చేతికి మైకిస్తే ఆపరని వాళ్ల భయం!

పాపం, మన సభలు చూడలేదు.

అదే మన మహమ్మద్‌నగర్‌లో పెడితే?

‘హలో.. మైక్ చెక్’కే మూడు బొమ్మలు గోవిందా.
జ్యోతి వెలిగించేటప్పుడు ఫొటోలో ఎవరు ముందుండాలో తేలేసరికి 20 బొమ్మలూ అయిపోతాయి.
ఇక శాలువాలు.
‘రెండే ముక్కలు’ అన్న పెద్దమనిషి నిజాంసాగర్ కట్టిన కాడి నుంచి ఎత్తుకుంటడు.
చిత్రకారుడి వంతొచ్చేసరికి టెంట్‌హౌస్ పిలగాళ్లు కుర్చీలు మడుస్తుంటరు.

బొమ్మ చూపి కథ చెప్పుడు మనకు కొత్తనా? చేర్యాల పటం విప్పితే తెల్లారేదాకా ఊరు కదిలేది కాదు. అక్కడ ముఖ్య అతిథి లేడు మరి!

నిర్వాహకులూ, గడియారం పెట్టేదుంటే ముందు వేదిక మీది మైకుకు పెట్టండి.